అడ్డచుట్టకు వారసులు లేరు

మధ్యప్రదేశ్ రాష్ట్రం, రాయపూర్, భన్‌పురిలో కాపురముంటున్న, కీర్తిశేషులు నూకరాజు గారి భార్య దాలమ్మ అను నేను, విరిగినది తుంటి ఎముకే తప్ప బుద్ధి కాదని ముందుగా తెలియజేసుకుంటూ, ఎవరి బలవంతమూ లేకుండా, మేనల్లుడు కొండలరావు చేత వ్రాయించిన వీలునామా. నన్ను బలవంతం చేయగలవాళ్లు ఈ ఇంట్లో ఇంకా పుట్టలేదు.

రేపు నా తుంటికి రెండో ఆపరేషన్. మొదటిసారి ఎముక అతుక్కోలేదు. డాక్టరు మొదటిరోజే "మాజీ, బీడీ సిగరెట్ పీతీ హో?" అన్నాడు. అమ్మా, బీడీ సిగరెట్ తాగుతావా అని. లేదన్నాను. అది అబద్ధం కాదు. నేను కాల్చేది అడ్డచుట్ట. మా బొబ్బిలి వైపు ఆడవాళ్లం చుట్ట వెలిగించి, నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకుంటాం. పెద్దల ముందు నిప్పు కనపడదు, గాలికి ఆరదు, రెండు చేతులా పని చేసుకోవచ్చు. బీడీ సిగరెట్లు మగవాళ్ల వ్యవహారం.

ఎముక ఎంతకీ అతకకపోయేసరికి డాక్టరును నోరంతా తెరిచి తిట్టాను. ఆ తెరిచిన నోట్లోకి అతను టార్చి వేశాడు. "మాజీ, ముహ్ మే చూల్హా జలాతీ హో క్యా?" అన్నాడు. నోట్లో పొయ్యి వెలిగిస్తున్నావా అని. పొగ ఊపిరితిత్తులతో ఆగదని, ఎముకను అతకనివ్వదని, చెవినీ చిగుళ్లనీ నాలుకనీ ముఖాన చర్మాన్నీ కూడా పాడుచేస్తుందని ఏకరువు పెట్టాడు. నేను నమ్మలేదు. తీరా ఆస్తి పంచుదామని కూర్చుంటే, ఒక్కో వస్తువూ అతని పక్షానే సాక్ష్యం చెప్పింది.

1. భన్‌పురిలోని రెండు గదుల రేకుల ఇల్లు నా కొడుకు వెంకటరత్నానికి సర్వహక్కులతో చెందవలెను. అరుగు మీద నేను కూర్చునే చోట స్కూటర్ పెట్టరాదు.

2. ట్రాన్సిస్టర్ రేడియో పక్కింటి జోగయ్యకు. నేను పాటలు పెట్టినప్పుడల్లా అతను మధ్యగోడ మీద బాదేవాడట. నాకు అది తాళం వేస్తున్నట్టు వినపడేది, మంచి రసికుడనుకున్నాను. బ్యాటరీ నీరసపడిందని కొట్టువాడితో ఎన్నిసార్లు పోట్లాడానో. నీరసపడింది నా చెవి అని ఆ కొట్టువాడికి తెలియనివ్వవద్దు.

3. నిలువుటద్దం, జంతికల గొట్టం మా అక్క పైడమ్మకు. ఆవిడ చుట్ట ముట్టలేదు. నాకంటే పెద్దదైనా, ఆసుపత్రిలో నర్సు ఆవిడను నా కూతురనుకుంది. అక్క ఆ మాట ఖండించలేదు, ఇది నేను మరిచిపోను. నా పళ్లన్నీ చిగుళ్లు వదిలి పోయాయి, ఆవిడ ఇంకా జంతికలు నములుతోంది. నా ఎదురుగా కరకరలాడించరాదు.

4. బంగారు కమ్మలు, పెళ్లినాటి పట్టుచీర నా కోడలు అప్పలనరసమ్మకు. కాపురానికి వచ్చిన నాటినుంచీ దీని పులుసులో ఉప్పు ఉండదన్నది నా ఫిర్యాదు. సరిపోయిందని ఇల్లంతా అన్నారు, అందరూ దాని పక్షమే అనుకున్నాను. డాక్టరు నాలుక సంగతి చెప్పినంతమాత్రాన ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం లేదు. అయితే ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఎదురుగా చెబితే నెత్తికెక్కుతుందని ఇక్కడ వ్రాయిస్తున్నాను.

5. ఇక చుట్టల సంగతి. మంచాన పడ్డాక నా చుట్ట వెలిగించి ఇచ్చేది అప్పలనరసమ్మే. వెలిగించేవాళ్లు నిప్పు నిలబడేదాకా రెండు దమ్ములు లాగి ఇవ్వడం మా ఆనవాయితీ. మా అత్తకు వెలిగించి ఇస్తూనే నేనూ నేర్చుకున్నాను. ఈ మధ్య చుట్ట నా చేతికొచ్చేసరికి సగమే ఉంటోంది. అడిగితే, "అత్తా, నిప్పు నిలబడ్డానికి జరా టైము పడతాది" అంటుంది. మొన్న వెంకటరత్నం పులుసన్నం నోట్లో పెట్టుకుని, "ఇదేటి, ఉప్పు డబ్బా బోర్లించేసినావా?" అన్నాడు. "బరాబర్ ఉన్నాది కదా" అంది కోడలు. నాక్కూడా బరాబరే ఉంది. దాని పులుసు నాకు నచ్చడం అదే మొదటిసారి. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

కాబట్టి చుట్టలు ఎవరికీ చెందవు.

ఈ వీలునామా నా మరణానంతరం అమలులోకి వస్తుందని, అమలు బాధ్యత తనదేనని కొండలరావు అంటున్నాడు. మిగతా అంశాలకు అలాగే కానివ్వండి. ఐదో అంశం అంతవరకు ఆగేది కాదు. నేను బతికినన్నాళ్లూ వెలిగిస్తూ పోతే, నేను పోయేసరికి ఆ పిల్లకు నాలుక ఉండదు. అందుచేత ఐదో అంశం ఈ ఉదయం నుంచే అమలైనది. చుట్టల కట్ట కొండలరావు ఎదుటనే నీళ్ల బకెట్లో ముంచబడినది.

నోరు ఖాళీగా ఉంది. ఒళ్లంతా మంటగా ఉంది. ఆపరేషన్‌కు తీసుకెళ్లేదాకా నా దగ్గరికి ఎవరూ రావద్దు, అప్పలనరసమ్మ తప్ప.

రాయపూర్, 1998 నవంబరు 11.

దాలమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు: దానయ్య, అప్పారావు

దస్తూరి: కొండలరావు