తలకు నూనె రాసుకోకుండా రండి

బాపూ, మన ఊరివాళ్లను మూర్ఛ జబ్బు పరిశోధనకు రాకుండా చేసింది మొగులయ్య చిన్నాయనే. చెల్లె పూర్ణిమ తలకు కరెంటు పెడుతున్నారని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. అది అబద్ధం. ఫోన్లో అయితే అరుస్తానని కార్డు రాస్తున్నాను. దారిలో ఎవరు చదివినా మంచిదే.

తలకు అంటించే ఆ తీగలు మెదడులోని అలలను చదువుతాయి, లోపలికి ఏమీ పంపవు. అలలు కుదురుకుంటే కంప్యూటర్ తెర మీద బొమ్మ పడవ కదులుతుంది. దాన్నే న్యూరోఫీడ్‌బ్యాక్ అంటారు. అలా సాధన చేస్తే ఫిట్స్ తగ్గుతాయా అన్నదే తేలాలి. మొన్న శంషాబాద్ దవాఖానాలో, అమ్మ పెట్టి పంపిన నూనెకు తీగలు అంటుకోలేదు. అక్కడే చెల్లె తల కడిగించాను. పడవ కదలగానే "అన్నా, నేనే నడుపుతున్ననా?" అంది.

"మా చెల్లెకు తక్కువైతదా, లేదా? సాఫ్ చెప్పుండ్రి" అని ఈ పరిశోధన చేస్తున్న డాక్టర్ మృదుల మీద గయ్యిమన్నాను.

"నాకూ తెలీదు బాబూ. తెలుసుకోవడానికే ఇంతమంది కావాలి. మాత్రలు మాత్రం ఆపకండి" అందావిడ.

ఫిట్స్ మాయం చేస్తామంటూ వచ్చి నేను చదివిన కరపత్రాల్లో ఒక్కటీ తనకు తెలియదని ఒప్పుకోలేదు బాపూ. మనుషులు చాలకపోతే ఈ పని ఆగిపోతుంది. చెల్లెలాంటి వాళ్లకు జవాబే దొరకదు.

బర్రె ఈనిందా? అమ్మ మోకాలికి మందు పంపుతున్నాను. అమ్మకు దండాలు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి డాక్టరమ్మ ఆ తీగలు తీసుకుని మన బడికి వస్తుంది, నేనూ వస్తాను. జబ్బున్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ రావాలి. చిన్నాయనను ముందు వరుసలో కూర్చోబెట్టు. తలస్నానం చేసి, నూనె రాసుకోకుండా రండి. అందరి ముందూ మొదటి తీగ నా తలకే పెట్టించుకుంటాను.

శివశంకర్