తొట్టె ఎదురింటికి వెళ్ళదు

జూన్ 14, ఆదివారం

సౌభాగ్యవతి అయిన నా అర్ధాంగికి,

ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. 'క్షేమమే' అని వ్రాయలేదు, గమనించగలవు. ఆ ఒక్క ఏకారం చేర్చడానికి మనసు ఒప్పుకోలేదు. కాలు విరిగి మంచమెక్కిన మీ చెల్లెలు కోలుకుంటున్నదని తలుస్తాను. వారం రోజులని వెళ్ళావు, నెల దాటింది. సరే, దాని గురించి నేనేమీ అనను. ఫోనులో చెప్పబోతే మాట మధ్యలోనే అందుకుంటావు కనుక ఈ ఉత్తరం.

నీ రొయ్యలు కూడా క్షేమం. గోరంత ఎర్రటి ప్రాణులు, కిటికీ పక్కన గాజు తొట్టెలో పొద్దస్తమానం నాచు మేస్తూనే ఉన్నాయి. నీవు చెప్పినట్లే కుళాయి నీరు నేరుగా పోయడం లేదు. ఒక రోజు బకెట్టులో నిలవ ఉంచి, మందు వాసన పోయాక, అంచు వెంబడి చెంబుతో మెల్లగా పోస్తున్నాను. వాటికి పడదన్నావని దోమల మందు కూడా మానేశాను. దోమలు నన్ను పీక్కు తింటున్నాయి. రొయ్యలకు మాత్రం ఏ లోటూ లేదు.

ఇక అసలు ఫిర్యాదు. మొన్న గురువారం సాయంత్రం నేను ఫోను ఎత్తగానే "తిన్నారా?" అన్నావు. ఎన్నాళ్ళకు అడిగావని పొంగిపోయి, తిన్నాననీ, రెండోసారి కూడా వడ్డించుకున్నాననీ చెప్పాను. "మీరు కాదండీ, వాళ్ళు!" అన్నావు. రొయ్యలు మనుషులు కావు, అమహద్వాచకాలు. వాటికి "తిన్నాయా" అనాలి. జీవితమంతా వ్యాకరణం చెప్పినవాడి ఇంట్లో ఈ తప్పేమిటి? నీవు క్రియ సరిగా వాడి ఉంటే నాకు ఆ భంగపాటు తప్పేది.

మరునాడు తొట్టె అడుగున ఒక రొయ్య తెల్లగా, కదలక మెదలక పడి ఉండటం చూసి చచ్చిపోయిందనుకున్నాను. నీకెలా చెప్పాలా అని మధ్యాహ్నమంతా వాక్యాలు కూర్చుకున్నాను. తీరా చెబితే పకపకా నవ్వావు. "చచ్చిపోలేదండీ, పొట్టు విడిచింది. తీసెయ్యకండి, దాన్నే వాళ్ళు మళ్ళీ తింటారు" అన్నావు. అంతటితో ఊరుకోవచ్చు కదా! "అనుమానముంటే అన్నయ్యగారిని పిలవండి, ఆయనకు అన్నీ తెలుసు" అని కూడా అన్నావు.

ఎదురింటి బ్యాంకు మేనేజరుగారు నీకు ఎప్పటినుంచి అన్నయ్య అయ్యారు? నాలుగు రొయ్యలు గ్లాసులో పోసి ఇచ్చినంత మాత్రాన చుట్టరికం కలుస్తుందా? గేటు దగ్గర నిలబడి నాచు గురించి ఆయనతో గంటలకొద్దీ మాట్లాడతావు. నేను ఒక పద్యం ఎత్తుకుంటే మాత్రం నీకు పొయ్యి మీద పాలు గుర్తుకొస్తాయి.

నిన్న ఆయన బకెట్టు, గొట్టం పట్టుకుని ప్రత్యక్షమయ్యారు. "చెల్లెమ్మ ఫోన్ చేసింది మాస్టారూ, తొట్టె మా ఇంట్లో పెట్టెయ్యమంది. మీకెందుకు శ్రమ" అన్నారు. నాతో ఒక్కమాటైనా అనకుండా ఆయనకు ఫోను చేశావన్నమాట! పైగా ఆయన తొట్టెలోకి తొంగిచూసి, "జవాబు పత్రాలు దిద్దినట్టు మీరు గుడ్లురిమి చూస్తుంటే, పాపం నాచులో దాక్కోక ఏం చేస్తాయి?" అని ఎకసెక్కమాడారు. క్రియ మాత్రం సరిగానే వాడారు. అందుకే మరింత మండింది.

అయినా మర్యాదగానే సాగనంపాను. ఒక రొయ్య పొట్ట కింద గుడ్లు మోస్తున్నదనీ, నిండు చూలాలిని ఇల్లు మార్చడం తగదనీ చెప్పాను. కావున తొట్టె ఎదురింటికి వెళ్ళదు. నీవు వచ్చేదాకా నా సంరక్షణలోనే ఉంటుంది. ఈ విషయమై ఇక చర్చ అనవసరం. ఆ మాట మేనేజరుగారికి నీవే తెలియజేస్తే మరీ మంచిది; ఫోనులో కాదు, ఉత్తరంలో.

ఇట్లు,
రొయ్యల తరువాతి స్థానంలో ఉన్న
నీ భర్త

తా.క. ఏ రొయ్యా గుడ్లు మోయడం లేదు. ఉంటే బాగుండునని భూతద్దం పెట్టి మరీ వెతికాను. తొట్టె వెళ్ళిపోతే నీ సాయంత్రపు ఫోను ఆ ఇంట్లో మోగుతుంది, ఇక్కడ మోగదు. అందుకే అలా చెప్పాను. నీవు ఎవరి గురించి అడిగినా ఫరవాలేదు. జవాబు చెప్పేది నేను కావాలి.