బావి అర్జీలో అమ్మ పేరు

చింతామణి, 4-2-1941

అమ్మ పాదాలకు చెన్నరాయప్ప దండం. ఇక్కడ పిల్లలతో సహా క్షేమం.

మా ఆడపిల్లల బడికి బావి తవ్వడానికి బెంగళూరు ధర్మనిధివారు డబ్బు మంజూరు చేశారు. అంతా నీ చలవే. మొదటి అర్జీలో రెండు పుటలు దాతను పొగిడి, ఏం కావాలో రాయడం మరిచాను, అది తిరిగొచ్చింది. అప్పుడు నువ్వేకదా, "పొగిడింది చాలప్పా, మనమేం చేస్తామో, ఏం తక్కువ పడతాదో రాయి" అన్నావు. అలాగే రాశాను: రాళ్లు రైతులవి, తవ్వకం ఊరివాళ్లది, వాళ్లకు సంగటి మా అమ్మ లక్ష్మీనరసమ్మది. దాతగారు ఆ మాట చదివి, "ఆయమ్మ సంగటి తినేకి నేనూ వస్తా" అన్నారట.

ఎర్రావు ఈనిందా? హనుమక్కత్తకు నా దండాలు చెప్పు. నిన్నడగకుండా అర్జీలో నీ పేరు రాశాను, కోప్పడకు. సోమవారం బస్సుకు బయలుదేరు. పెద్ద తెడ్డు తెచ్చుకో. తినేవాళ్లు నలభైమందని కూడా రాసేశాను.