ఆ పీచుతోటి గిన్నెలు తోమకు

ప్రమీలా,

నీలం బకెట్ల ఉన్న కొబ్బరి పీచు ముట్టకు. దాంతోటి గిన్నెలు తోమకు. నా ఒరండా జాతి గోల్డ్‌ఫిష్‌లు దానికి గుడ్లు పెట్టినయి. పెట్టిన గుడ్లు అవే తింటున్నయని పొద్దుగాల్నే పీచు తీసి బకెట్ల వేసిన. తెల్లగ బూజు పట్టిన గుడ్డు కనబడితే చెంచాతోటి తీసెయ్యి. బకెట్‌కు ఎండ తగలనియ్యకు. నేను మోటరు సామాన్లకు వైరా పోతున్న, రేపొస్త.

ఖమ్మం నుంచి అద్దాల ట్యాంకు తెచ్చింది నేను. హీటరు పెట్టింది నేను. ఫోన్ల వీడియోలు చూసి ఏండ్ల తరబడి మందులు పోసింది నేను. ఒక్క గుడ్డు పెట్టలే. కరెంటు పోయి ఫిల్టరు ఆగిందని నువ్వు వాటిని పెరట్ల వాననీళ్ల తొట్టిల వేస్తివి. గిన్నెలు తోమేతందుకు నానేసిన పీచు కూడ అండ్లనే ఉంచితివి. తెల్లారేసరికి గుడ్లు! నేను దగ్గరికి పోతే మూలకు నక్కుతయి. నీ గాజుల చప్పుడు వింటే మూతులు పైకెత్తుకోని వస్తయి. మేత కొనేది మొగడు, అవి మురిసేది పెండ్లాన్ని చూసి.

అన్నం తిని పడుకో, నా కోసం చూడకు.

ఇంకో మాట. మా చేపలోళ్ల వాట్సాప్ గ్రూపుల గుడ్ల ఫొటో పెట్టిన. అందరు "ఎట్ల పెట్టించినవ్ అన్నా" అని ఒకటే అడుగుడు. నీ పేరు రాద్దామంటే నాకు చెయ్యి వస్తలేదు. నిన్ను గ్రూపుల చేర్చిన, నువ్వే చెప్పు. పీచు ఐడియా మాత్రం నాదని చెప్పు.