మా పాపకిచ్చిన మొదటి బహుమతి వెనక్కి తీసుకొనుటకు మనవి

పటమట,
విజయవాడ.

శిశు పోషణ అవగాహన విభాగం అధికారి గారి సముఖమునకు, చేనేత చీరల దుకాణదారు భానుచందర్ వ్రాసుకొను అర్జీ.

విషయం: మా కుమార్తె చి. సాయిశ్రీ, వయస్సు నాలుగేళ్ళు, గెలుచుకొన్న ఆరోగ్య శిశువు బహుమతిని రద్దు చేసి, సదరు బహుమతి కంచమును స్వాధీనపరచుకొనుట గురించి.

అయ్యా,

1. నిరుడు తమ విభాగం వారు మా వార్డులో నడిపిన ఆరోగ్య శిశువు పోటీలో మా పాపకు మొదటి బహుమతి వచ్చినది. న్యాయనిర్ణేతలు పిల్లలందరినీ ఎత్తుకుని చూసి, ఎవరిని ఎత్తితే నడుము పట్టేసిందో వారికి బహుమతి ఇచ్చినట్లు నా అభిప్రాయం. షీల్డు ఇచ్చి ఊరుకున్నా బాగుండేది. స్టీలు కంచం ఇచ్చారు. పెద్దవాళ్ళు పెళ్ళిభోజనం చేయదగిన కంచం. అంచు మీద పాప పేరు, తమ విభాగం పేరు చెక్కించి ఉన్నవి.

2. నాటి నుండి మా తల్లి వెంకటరావమ్మ గారు పాపకు ఆ కంచంలోనే అన్నం పెడుతున్నారు. కంచం నిండకపోతే సర్కారును అవమానించినట్లట.

3. మా ఇంట్లో ముద్దలకు పేర్లు ఉండును. అమ్మ ముద్ద, నాన్న ముద్ద, చల్లపల్లి మావయ్య ముద్ద, పోయిన తాతయ్య ముద్ద. పాప వద్దంటే, "అయితే తాతయ్యంటే ఇష్టం లేదా నీకు?" అని అడుగుతారు. ఏ పిల్ల లేదంటుందండీ? పైగా మాది పెద్ద బలగం. కంకిపాడులో ఉన్న మా అక్కతో, ఒక పెళ్ళిలో చీరలు పెట్టిన దగ్గర మాటా మాటా వచ్చి, రాకపోకలు ఆగిపోయినవి. కంకిపాడు అత్త ముద్ద మాత్రం ఆగలేదు.

4. ఈ ఏడు తమ విభాగం వారే, పిల్లలకు ఊబకాయం రాకుండా అన్నం ఎలా తినిపించాలో తల్లిదండ్రులకు క్లాసు పెట్టారు. నేనూ, నా భార్య వినీలా దుకాణం మూసి వెళ్ళాము. ఎలిజబెత్ గారనే మేడం బాగా చెప్పారు. ఏం పెట్టాలో మీరు చూసుకోండి, ఎంత తినాలో పిల్లలకు వదిలేయండి, తల తిప్పేస్తే ఆపండి, ఫోను చూపించి నోట్లో కుక్కకండి అన్నారు. చివర్లో అందరికీ బూందీ పొట్లాలు పంచారు. అది వేరే సంగతి.

ఇంటికొచ్చి వినీల చెప్పింది. "అత్తయ్యగారూ, పాప తల తిప్పితే కడుపు నిండినట్టేనటండీ."

మా అమ్మ కంచం ఎత్తి చూపించింది. "ఇదిచ్చిందీ వాళ్ళే, పెట్టొద్దన్నదీ వాళ్ళేనా? ఏది నమ్మమంటావే?"

దీనికి జవాబు తమ వద్ద ఉంటే తెలియజేయగలరు.

అసలు మేము రోజంతా దుకాణంలో ఉంటాం. పిల్లకు అన్నం పెట్టేది నానమ్మ. ఆవిడను ఆ క్లాసుకు ఎవరూ పిలవలేదు. నొప్పి ఒకచోటైతే మందు ఇంకోచోట రాశారు.

5. ఒకరోజు ఉండబట్టలేక, "చాలంటోంది కదమ్మా, వినపడట్లేదా!" అని మా అమ్మ మీద అరిచాను. ఆవిడ కోప్పడలేదు. "మగ్గమున్న ఇంట్లో పుట్టాన్రా నేను. చాలనే లోపే గిన్నె అడుగు కనపడేది. ఆ మాట అనే అవసరం మాకెప్పుడూ రాలా," అంది. మర్నాడు కంచం యథాప్రకారం నిండినది.

6. మొన్న మా అమ్మను కూడా వెంటబెట్టుకుని పాపను పిల్లల డాక్టరు లక్ష్మీకాంత్ గారికి చూపించాము. బరువు చూడగానే ఆయన నవ్వడం మానేశారు. మేడ మెట్లెక్కితే ఆయాసం ఎందుకొస్తోందో చెప్పారు. ఇలాగే సాగితే చిన్నతనంలోనే షుగరు రావచ్చన్నారు. తరువాత పాపను దగ్గరకు తీసుకుని, "ఏమ్మా, ఇప్పుడు ఆకలేస్తోందా?" అని అడిగారు.

మా పాప వెనక్కి తిరిగి, "నానమ్మా, నాకు ఆకలేస్తోందా?" అంది.

అయ్యా, ఆ మాటకు నాకు భయం వేసినది. బరువు సంగతి విన్నప్పుడు కూడా అంత భయం వేయలేదు. పాలు తాగే రోజుల్లో కడుపు నిండితే మూతి బిగించుకునే పిల్ల అది. మాటలొచ్చాక చాలు అనేది. ఎవరూ వినకపోతే తల తిప్పేది. ఇప్పుడు ఫోను చూస్తూ నోరు తెరుస్తోంది, అంతే. దాని ఆకలి దానికే తెలియకుండా చేశాము.

కావున తమరు దయతో సదరు బహుమతిని రద్దు చేయవలెననియు, లావును చూసి బహుమతులిచ్చే పద్ధతి మానవలెననియు, నానమ్మలకూ అమ్మమ్మలకూ వేరుగా క్లాసు పెట్టవలెననియు, ఆ క్లాసులో బూందీ పంచరాదనియు వేడుకొనుచున్నాను. చిత్తగించవలెను. చిత్తగించి ఫైలులో పెట్టి ఊరుకోక, కాస్త కదలవలెను.

తమ విధేయుడు,
భానుచందర్

తా.క. ఇది రాస్తుండగా మా అమ్మ వచ్చి మొత్తం చదివించుకుంది. "నా కంచం ఎవరికి పడితే వాళ్ళకివ్వను. ఆ ఆఫీసరు గారినే రమ్మను. అందులోనే అన్నం పెడతాను, తిని పట్టుకుపొమ్మను," అంటోంది. కాబట్టి తమరు రాక తప్పదు. ముద్దపప్పు, గుత్తివంకాయ, గోంగూర, గడ్డపెరుగు ఉంటాయి. ఎక్కడో ఒకచోట తమరు చాలంటారు. ఆవిడ వినదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేనూ అంటున్నాను, ఒక్కసారి కూడా నెగ్గలేదు. తమరైనా మొహమాటపడకుండా కంచానికి చెయ్యి అడ్డం పెట్టి, గట్టిగా చాలు అనండి సార్. ఆవిడ గరిటె దించేదాకా చెయ్యి తీయకండి. పాపను తమ ఎదురుగానే కూర్చోబెడతాను. ఆ మాట అంటే పెట్టేవాళ్ళు ఆగుతారని అది ఒక్కసారి కళ్ళారా చూడాలి.