దండెం కింద వాన

పారాదీప్‌లో ఉన్న మా బావకు,

మీ గదిలో అందరూ వింటారని ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను. ఎండలు మండుతున్నా డ్రిప్ మోటారు ఆన్ కాక మన బొప్పాయి మొక్కలు వాడిపోయాయి. కంట్రోలర్ మాత్రం వాన పడుతోందనే చూపించేది. నర్సీపట్నం నుంచి మెకానిక్ మత్స్యలింగం గారిని పిలిపించాను. నువ్వు దండెం గుంజకు బిగించిన వాన సెన్సార్ చూసి ఆయన నవ్వారు.

"ఏటమ్మా, ఈ సొక్కా రోజూ దీని మీదే ఆరేస్తన్నావా? నీళ్ళు కారతంటే వానొచ్చిందనుకుని మోటారు ఆపేస్తంది. మీ ఆయనొచ్చీసారేటి?"

లేదన్నాను.

దండెం మీద నీ చొక్కా ఉంటే నువ్వు తోటలోకి వెళ్ళినట్టే ఉంటుంది. అందుకే ఉతికిందే మళ్ళీ ఉతుకుతున్నాను.

సెన్సార్‌ను ఆయన పాక కప్పు మీదికి మార్చారు. ఇక అది మోసపోదు. నా సంగతి నువ్వే బేగి వచ్చి చూడు.