మా ఇంట్లో తెరుచుకోని సైటు

శ్యాంసుందర్ సారుకు,

మీరు నడిపే కథల సైటు ఒకసారి తెరుచుకుంటోంది, ఒకసారి "అనుమతి లేదు" అంటోంది. దీని సంగతి మీకు రాయమని మా ఆయన పరశురాములు నా వెంట పడ్డాడు. వారం రోజులు పరీక్షించి చూశాను. నేను పనిచేసే ఆఫీసులో ప్రతిసారీ తెరుచుకుంది. బోథ్‌లోని మా ఇంట్లో మాత్రం ఏ ఫోన్లోనూ తెరుచుకోలేదు. అంటే మా ఇంటి నెట్ కనెక్షన్‌ను మీరే ఆపారు.

కారణం కూడా తెలిసింది. చాయ్ చల్లారిందని గ్లాసు విసిరికొట్టిన మొగుడి గురించి 'గోగుపువ్వు' అనే కలం పేరుతో మీ సైటులో కథ వచ్చింది కదా. దాని కింద మా ఆయన బూతులు రాశాడు. కథలో మొగుడికి పేరు లేదు. అయినా ఆయనకు కోపం వచ్చింది.

ఇప్పుడు పొద్దున లేస్తే ఒకటే పరేషాన్: "గామె కథను సగంల ఆపింది. గా మొగడు మారిండా లేదా, గా సారును జర అడుగు."

ఆయనను చదవనివ్వండి, కామెంట్ మాత్రం రాయనివ్వకండి. రెండో భాగం ఆఫీసు నుంచి పంపుతాను. ముగింపు ఇంకా రాయలేదు. ఈ వారం ఆయనకు రోజూ చల్లారిన చాయే ఇస్తున్నాను.

కవరు అంటించి ఇస్తాను, పోస్టులో ఆయనే వేస్తాడు.

మీ
గోగుపువ్వు